మాణిక్యం ఇంకా మెట్ల మీదే

మందస నుంచి పలాస వెళ్లే ఏడు గంటల బస్సులో కుడివైపు మూడో సీటులో మంగళవారం, శుక్రవారం ఎవరూ కూర్చోరు. ఎక్కడా రాసిపెట్టలేదు, కండక్టరు ఈశ్వర్ ఎవరికీ చెప్పిందీ లేదు. మందస దాటిన పావుగంటకి ఒక ఊరి మొగలో, వీధి మొదట్లో, బస్సు ఆగుతుంది. ఇద్దరు ఆడవాళ్లు ఎక్కుతారు. కిటికీ పక్కన జోగమ్మ, ఈ పక్కన విజయమ్మ. టిక్కెట్టు చేతిలో పడ్డాక విజయమ్మ గొంతు సవరించుకుంటుంది. అక్కణ్ణించి ముందు సీట్లవాళ్లూ వెనక సీట్లవాళ్లూ తమ మాటలు తగ్గించుకుంటారు.

కథ బస్సులోనే. అది విజయమ్మ పెట్టిన రూలు. దిగాక ఎంత బతిమాలినా ఒక్క ముక్క చెప్పదు. ఊళ్లో కుళాయి దగ్గర అడిగినా, అరుగు మీద అడిగినా, "మంగళవారం రా అప్పా, బస్సులో సెప్తాను" అనేసి బిందె ఎత్తుకుని పోతుంది.

విజయమ్మకి యాభై నాలుగేళ్లు. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్లుగా పొట్టు తీస్తోంది. వేడి గదిలోంచి వచ్చిన జీడిగుండు మీద ఎర్ర పొట్టు ఉంటుంది. గుండు విరక్కుండా, గోరు దిగకుండా దాన్ని ఒలవాలి. చేతులకి తెలిసిన పని. నోటికీ చెవులకీ పని ఉండదు. అందుకే ఆ షెడ్డులో మొదట్నించీ కథలకి గిరాకీ.

ఆమె తండ్రి టెక్కలి దగ్గర ఒక బాప్టిస్టు సంఘంలో, పాస్టరు గారు రాని ఆదివారాల్లో వాక్యం చదివేవాడు. ఆయన చదువుతుంటే గోడ అవతల మేకలు కాసేవాళ్లు కూడా నిలబడిపోయేవారట. ఆ గొంతు కూతురికి వచ్చింది. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయినా పుస్తకాలు ఆగలేదు. కాశీబుగ్గలో అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు ఉన్నన్నాళ్లూ వారానికి రెండు నవలలు తెచ్చుకునేది. రాజులు, కోటలు, మాయమైన హారాలు, కత్తి పట్టిన ఆడపిల్లలు, వాళ్లని ప్రేమించి నానా తిప్పలూ పడే మగవాళ్లు. భర్త జ్ఞానప్రకాశం వడ్రంగి. "నేను తలుపు బిగిస్తే ఇంట్లోకి గాలి రాదు. మా ఆవిడ పుస్తకం తెరిస్తే ఇంట్లోకి కూర రాదు" అని నలుగురిలో అంటాడు. అంటాడే గానీ, ఆవిడ చదువుకునేందుకు కిటికీ కింద ఒక పీట చేసిపెట్టింది కూడా ఆయనే.

తిత్లీ తుపాను నాడు రేకులు లేచిపోయాయి. ఊరంతా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు పడిపోయాయని ఏడుస్తుంటే, తన ఏడుపులో ఒక చిన్న వంతు విజయమ్మ సగం చదివిన నవల కోసం దాచుకుంది. చివరి నలభై పేజీలు ముద్దయిపోయాయి. అప్పటికే సగం కథ షెడ్డులో చెప్పేసింది. పని మళ్లీ మొదలయ్యాక ఆడవాళ్లు అడిగారు, "తర్వాతేటయినాది?" అని. తెలీదని చెప్పడానికి మనసొప్పలేదు. పొట్టు ఒలుస్తూ ఒలుస్తూ మిగతాది తనే అల్లేసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, కొడుకు వాడి వదిలేసిన లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో మొదటి వాక్యం రాసుకుంది. ఇప్పటికి అలాంటివి చాలా అయ్యాయి.

మాణిక్యం కథ వాటిల్లో పెద్దది. ఐదు నోటుబుక్కులు. మందస జమీ రోజులు, రైలు కట్ట కొత్తగా పడుతున్న కాలం. మాణిక్యం తండ్రి కోటలో ముద్ర కాపరి. అంటే కాగితాల మీద వేసే రాజముద్ర ఆయన దగ్గరుండేది. ఒక పండగనాడు ముద్ర పోయింది. నింద ఆయన మీద పడింది. మర్నాటికి ఆయన కూడా కనిపించలేదు. పంతొమ్మిదేళ్ల మాణిక్యం, తండ్రిని వెతకడానికి, దొంగని పట్టడానికి తలగుడ్డ చుట్టుకుని కోటలోకి, రంగశాయి అనే పాత గుమాస్తా పక్కన, గుమాస్తాగా దూరింది. కట్ట కొలిచే పనికి బరంపురం వైపు నుంచి వచ్చిన దీనబంధు అనే ఒడియా కుర్రాడు ఆమెని మొదటి రోజే గుర్తుపట్టాడు గానీ బయటపెట్టలేదు. అక్కణ్ణించి ఆ ఇద్దరి మధ్య వచ్చీరాని తెలుగులో, వచ్చీరాని ఒడియాలో ఒక వ్యవహారం నడిచింది. బస్సులో ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా డ్రైవరు కూడా స్పీడు తగ్గిస్తాడని ఈశ్వర్ అంటాడు.

ఇంత పెద్ద కథ షెడ్డులో చెప్పకుండా బస్సెక్కడానికి కారణం జోగమ్మ.

జోగమ్మ విజయమ్మ కన్నా నాలుగేళ్లు పెద్ద, అందుకే అక్క అన్నట్టు అప్పా అని పిలుస్తుంది. ఇరవై ఏళ్లు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పొట్టు తీశారు. దానికి ముందు జోగమ్మ జీడిపిక్కలు కొట్టే పని చేసింది. పోయినేడు ఆమెకి కాళ్లు వాచాయి. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో కాళ్లు వాచాయంటే ఎందుకని ఎవరూ అడగరు, "క్రియాటిన్ ఎంతొచ్చినాది?" అని అడుగుతారు. వచ్చిన అంకె విని పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు, సారికి నాలుగు గంటలు. మిషను సూదుల కోసం ఎడం చేతిలో నరం కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు రొద.

రెండు వారాలు వెళ్లి మానేసింది. "ఎంగిలి విస్తరి లాగ ఆ మంచం మీద నాలుగ్గంటలు పడుండాల. ఈ సేతులు ఊరికే ఉండగలవా? ఒద్దు. ఎన్నాళ్లుంటే అన్నాళ్లే" అంది. కొడుకు గణేష్ కోప్పడ్డాడు. కోడలు ప్రమోదిని ఏడ్చింది, ఏడ్చి విజయమ్మ దగ్గరికి వచ్చింది.

విజయమ్మ వెళ్లింది గానీ హితబోధ చేయలేదు. అరుగు మీద కూర్చుని మాణిక్యం కథ ఎత్తుకుంది. ముద్ర పోయింది, తండ్రి మాయమయ్యాడు, పిల్ల అద్దంలో చూసుకుంటూ జుట్టు తలగుడ్డలోకి తోసింది, కోట తలుపు తట్టింది. అక్కడ ఆపి లేచింది.

"తలుపెవడు తీసినాడే?" అంది జోగమ్మ.

"మంగళవారం, ఏడు గంటల బస్సులో."

"సంపుతాను నిన్ను."

"సంపాలన్నా బస్సెక్కాల."

ఎక్కింది. అది జీడి కోతల కాలంలో మాట. ఏడు నెలలుగా ఒక్క వారం తప్పలేదు. ఆసుపత్రి గేటు దగ్గర జోగమ్మని దింపి, విజయమ్మ ఫ్యాక్టరీకి నడిచిపోతుంది. మధ్యాహ్నం గణేష్ వచ్చి తల్లిని తీసుకెళ్తాడు.

చిక్కేమిటంటే, కథ చివరికొచ్చేసింది.

ఐదో నోటుబుక్కులో మిగిలింది ఆరు పేజీలు. దొంగ దొరకాలి, తండ్రి దొరకాలి, దీనబంధు సంగతి తేలాలి. రెండు బస్సులు చాలు. ఆ తర్వాత? కొత్త కథ చెప్పొచ్చు. కానీ మాణిక్యం మీద పట్టినంత మనసు ఇంకొకరి మీద పడుతుందని నమ్మకమేమిటి? ఒక వారం మానేస్తే ఏమవుతుందో డాక్టరు గారు ప్రమోదినికి చెప్పారు, ప్రమోదిని విజయమ్మకి చెప్పింది. అందుకని విజయమ్మ కథని సాగదీసింది. దొంగ ఎవరో తెలిసే గది కింద ఉంది. పైనించి రాతిమెట్లు. మాణిక్యం దీపం పట్టుకుని దిగుతోంది. ఒక మెట్టు దగ్గర తండ్రి గుర్తొచ్చాడు. ఒక మెట్టు దగ్గర గోడ మీద బొమ్మలు కనిపించాయి. ఒక మెట్టు దగ్గర దీపంలో నూనె తగ్గింది.

"ఓలే, మూడు మంగళవారాలుగా ఆ గుంట మెట్లు దిగతానే ఉన్నాది" అంది జోగమ్మ. "ఎన్ని మెట్లే? మందసలో అంత లోతు కోట ఎక్కడుందే?"

వెనక సీటులో ఎవరో కిసుక్కుమన్నారు. "మా విజయమ్మ గారు మెట్టు మెట్టుకీ ప్రార్థన సేయిత్తన్నారు" అన్నాడు ఈశ్వర్. విజయమ్మ నవ్వింది గానీ లోపల బెదిరింది. ఆ శుక్రవారం మాణిక్యం చేత ఇంకో నాలుగు మెట్లు దిగించింది. జోగమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తర్వాతి మంగళవారం ఊరి మొగలో జోగమ్మ లేదు.

బస్సు ఆగింది. విజయమ్మ ఎక్కి, మెట్టు మీదే నిలబడి వీధి వైపు చూసింది. ఈశ్వర్ ఒక నిమిషం ఆగాడు, రెండో నిమిషం కూడా ఆగాడు. డ్రైవరు హారను కొట్టాడు. వస్తుందేమోనన్న ఆశతో ఆమె దిగలేదు, బస్సు కదిలిపోయింది. హరిపురం ఇంకా రాకముందే "ఆపు బాబూ" అని దిగిపోయింది. కొత్తగా నాటిన కొబ్బరితోటల పక్కనుంచి మైలున్నర వెనక్కి నడిచింది. ఫ్యాక్టరీలో ఆ పూట తన పీట ఖాళీగా ఉంటుందని తెలుసు. నడుస్తూ ప్రార్థన చేసుకుందామంటే మాటలు రాలేదు, మెట్లే కళ్లకి కట్టాయి.

జోగమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునుంది. మొహం కాస్త ఉబ్బింది. లోపల ప్రమోదిని గిన్నెలు కడుగుతున్న చప్పుడు, కడగాల్సిన దానికన్నా గట్టిగా.

"ఏటప్పా, రాలేదు?"

"రాను."

"ఒంట్లో బాగోనేదా?"

"ఒళ్లు ఎప్పుడు బాగున్నాదని? కూకో."

విజయమ్మ కూర్చుంది.

"నానేటి పసిపిల్లనా?" అంది జోగమ్మ. "సందమామని సూపించి ముద్ద పెట్టినట్టు, రోజుకో మెట్టు సూపించి నన్ను తీసుకుపోతన్నావు. నాకు తెల్దనుకున్నావా? మెట్లయిపోతే నానెక్కడ మానేత్తానో అని భయం నీకు."

అబద్ధం ఆడొచ్చు. ఆడితే ఇంకో రెండు వారాలు గడుస్తుందేమో. విజయమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుని విప్పింది.

"అవునప్పా, భయమే" అంది. "కథ అయిపోతే నువ్వు బస్సెక్కవని."

"మరి ఆ భయం నాతో సెప్పొచ్చు గదా. కతతో ఎందుకు సెప్పించినావు?"

విజయమ్మ చెప్పుల్లోంచి కాళ్లు తీసి, అరుగు మీద బాసింపట్టు వేసుకుంది. గొంతు సవరించుకుంది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బస్సు లేదు, పలాస లేదు, చేతిలో ఉన్న ఒకే ఒక్క తాడు తనే వదిలేస్తోందని తెలుసు. అయినా మొదలుపెట్టింది. మాణిక్యం ఆఖరి మెట్టు దిగింది. గదిలో తండ్రి ఉన్నాడు, చిక్కిపోయి, గడ్డం పెరిగి. ఆయనని అక్కడ దాచినవాడు దివాను బావమరిది. ముద్ర వాడి పెట్టెలో దొరికింది. దీనబంధు కొలతల గొలుసుతో వాణ్ణి కట్టేశాడు. రాజుగారు ముద్రని తండ్రికి తిరిగి ఇవ్వబోతే, "ఇకమీదట ఇది నేను కాస్తాను" అని మాణిక్యం చెయ్యి చాపింది. దీనబంధుని పెళ్లాడింది, కానీ బరంపురం వెళ్లలేదు, అతణ్ణే మందసకి తెచ్చుకుంది. అయిపోయింది.

విజయమ్మ తల ఎత్తలేదు. ఏడు నెలల కథ పది నిమిషాల్లో అయిపోయింది.

"బావమరిది కాడు" అంది జోగమ్మ.

"ఆ?"

"దొంగ బావమరిది కాడే. గుమాస్తా రంగశాయి."

"కాదప్పా. రంగశాయి ఆ రోజు పొద్దుట్నుంచీ పండగ వంటలకి జీడిపిక్కలు కొడతా ఉన్నాడు. కోటలో అందరూ అదే..."

"అదే. ఆడు అలగే సెప్పినాడు. నువ్వేటన్నావు? పండగైన వారానికే మాణిక్యం అడిగితే, తామరపువ్వులాటి సేతులు జోడించి, నాకేం తెల్దమ్మా అన్నాడన్నావు. పొద్దుట్నుంచీ జీడిపిక్కలు కొట్టినోడికి తామరపువ్వులాటి సేతులు ఎక్కడివే?" జోగమ్మ తన కుడిచెయ్యి వెల్లకిలా పెట్టింది. ఆ పని మానేసి ఇరవై ఏళ్లు దాటినా, వేళ్ల కొసల్లో చర్మం ఇంకా గరుకుగా, రంగు మారి ఉంది. "పిక్కలో రసం పడితే తోలు ఊడిపోద్ది. నలుపు నెల్లాళ్లు పోదు. కుంకుడుకాయ పెట్టి రుద్దినా పోదు, బూడిద పెట్టి రుద్దినా పోదు. ఆడు పిక్కలు కొట్టనేదు. ముద్ర కొట్టేసినాడు. మూడో వారంలోనే నాకెరిక."

రంగశాయి చేతుల గురించి విజయమ్మ ఏమీ ఆలోచించలేదు. చదివిన నవలల్లో అందగాళ్ల చేతులు తామరపువ్వుల్లా ఉంటాయి. చేతికి అలవాటైన మాట, రాసేసింది. ఇరవై నాలుగేళ్లు జీడి మధ్య కూర్చున్న మనిషి, ఆ పని చేసే చేతులు ఎలా ఉంటాయో పుస్తకాన్ని అడిగి రాసింది.

"తప్పు రాసేశానప్పా" అంది.

"తప్పేటి? సరిగ్గానే రాసినావు. దొంగ పేరే తప్పు."

లోపల్నుంచి ప్రమోదిని నవ్వు వినిపించింది. విజయమ్మకీ నవ్వొచ్చింది, నవ్వులో సగం కళ్లనీళ్లు.

"కథ అయిపోనాది కదా" అంది మెల్లిగా. "ఇంక నీ ఇష్టం. నేను మాత్రం శుక్రవారం బస్సు దగ్గర నిలబడతాను. కథ ఉన్నా లేకపోయినా."

జోగమ్మ గోడ నుంచి వీపు తీసి నిటారుగా కూర్చుంది. "నానెందుకు రానేదో అడిగినావేటే నువ్వు? నీ భయం నువ్వు సెప్పుకున్నావు గానీ."

"ఎందుకు రాలేదు?"

"ఏ మొకం పెట్టుకుని రావాల?" అంది జోగమ్మ. "అక్కడ ఆరు మంచాలున్నాయి. నువ్వు గేటు కాడ దింపేసి ఎల్లిపోతావు. నాలుగ్గంటలు మేం ఏటి సేత్తాం? సంతబొమ్మాళి కన్నయ్య ఉన్నాడు, ఇంకా నలుగురున్నారు. నువ్వు బస్సులో సెప్పింది నాను ఆళ్లకి సెప్తన్నాను. మొదట్నుంచీ! ఆ సూదులు గుచ్చే మౌనిక సిస్టరమ్మ కూడా ఇంటాది. పద్దెనిమిది మెట్లు దాటినాక కన్నయ్య నన్నేటన్నాడో తెలుసా? నీకు కత సెప్పడం రాదే జోగమ్మా అన్నాడు. నాకు! మొన్న శుక్రవారం నువ్వు మళ్లా నాలుగు మెట్లు దింపినావు. ఈ రోజు ఎల్లి ఆళ్లకేటి సెప్పమంటావు? ఇంకో నాలుగు మెట్లు అని సెప్పమంటావా? సిగ్గనిపించి కూకున్నాను."

విజయమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. జోగమ్మని పంపడానికి తను కట్టిన మెట్లే జోగమ్మని ఆపేశాయి.

"ప్రమోదినీ!" జోగమ్మ కేకేసింది. "నా సంచీ అందియ్యే. తొమ్మిదిన్నర బస్సుకి అందుతాం గదా?"

"హరిపురం దాకా ఆటోలో పోతే అందుతారత్తా" అంటూ ప్రమోదిని తడిచేతులతోనే సంచీ పట్టుకొచ్చింది. సంచీ ముందే సర్ది ఉంది.

ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర దాటింది. ఈసారి విజయమ్మ గేటు దగ్గర ఆగలేదు. సంచీ పట్టుకుని లోపలిదాకా వెళ్లింది. మౌనిక సిస్టరు గడియారం చూపించి, "ఏంటమ్మా ఇది, ఇంకో అరగంట చూసి మీ కొడుక్కి ఫోన్ చేద్దామనుకున్నాను" అని కోప్పడుతూనే బరువు తూచింది, ఆలస్యంగా వచ్చిందని పెద్ద డాక్టరు గారికి కబురు పంపింది, మంచం సర్దింది. సూదులు గుచ్చినప్పుడు జోగమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. గొట్టాల్లో ఎరుపు పాకింది. మిషను మూలుగు మొదలుపెట్టింది.

పక్క మంచం మీది ముసలాయన తల తిప్పాడు. బక్కపల్చటి మనిషి, మెడ దాకా దుప్పటి. "ఏటి జోగమ్మా, దిగినాదా ఆ పిల్ల?"

"కాస్త ఊపిరి తీసుకోనియ్యి కన్నయ్య మావా."

విజయమ్మ తలుపు దగ్గరే నిలబడింది. ఫ్యాక్టరీకి వెళ్లాలి, ఒక పూటైనా దక్కుతుంది. కాలు కదల్లేదు. మౌనిక ఆమెని చూసింది. "మీరెవరమ్మా? లోపల ఎక్కువమంది ఉండకూడదు."

"మా సెల్లెలు" అంది జోగమ్మ మంచం మీంచి. "ఒక మూల కూకోనీయమ్మా. దానికీ కతలంటే సానా ఇట్టం."

మౌనిక ఒక ప్లాస్టిక్ స్టూలు కాలితో ఇటు జరిపింది. విజయమ్మ కూర్చుంది.

"అయితే ఇనండి" అంది జోగమ్మ. గొంతు సవరించుకోలేదు, పుస్తకాల భాష లేదు, పక్కింటి సంగతి చెప్తున్నట్టు ఎత్తుకుంది. "ఆ గుంట మెట్లు దిగతా దిగతా మజ్జిలో ఆగిపోనాది. ఆగి, ఏటనుకున్నాది? నానెందుకు దిగాల? దొంగ కింద లేడు. పైనున్నాడు. ఎనక్కి తిరిగినాది. సరసరా ఎక్కేసినాది. దర్బారులో అందరూ కూకున్నారు. రంగశాయి కూడా ఉన్నాడు, పట్టుపంచె కట్టుకుని. ఇది ఆడి ముందుకెల్లి నిలబడి, ఏటన్నాది? ఏదీ, నీ సేతులు సూపించు అన్నాది."

కన్నయ్య దుప్పటి కిందకి తోశాడు. అవతలి మంచం మీది ఆవిడ మోచెయ్యి మీద లేవబోతే, "కదలకండి" అని మౌనిక ఆమె భుజం పట్టుకుంది గానీ, తనూ జోగమ్మ వైపే చూస్తోంది.

"ఆడు సేతులు ఎనక్కి పెట్టుకున్నాడు" అంది జోగమ్మ. అని ఆగింది. నాలిక తడి చేసుకోవడానికి ప్రమోదిని కొలిచి సంచీలో పెట్టిన చిన్న సీసాలోంచి ఒక్క గుక్క నీళ్లు తాగింది. తొందర లేదు, ఇంకా మూడున్నర గంటలుంది.

విజయమ్మ నోటుబుక్కులో మాణిక్యం వెనక్కి తిరగలేదు. కింద గదిలో తండ్రి ఉన్నాడు. జోగమ్మ ఆయన్ని ఎక్కడ పెట్టిందో, ఎలా బయటికి తెస్తుందో విజయమ్మకి తెలీదు. స్టూలు ఇంకాస్త ముందుకి లాక్కుంది.

"తర్వాత?" అంది.